నల్లరాళ్ళ లోయలో నేను మార్చేసిన మాట

చాలా ఏళ్ళుగా ఒక మాటను మింగలేక కక్కలేక మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. "లేదు" అన్న మాట. అది నేను నా మాటగా అని ఉంటే ఇంత బరువు ఉండేది కాదేమో. నా కోసం నేను ఆడిన అబద్ధాలు బోలెడున్నాయి, వాటిని ఎక్కడివక్కడ మరిచిపోయాను. ఇది ఇంకొకరి నోట్లో పెట్టి ఆడింది. ఆ ఇంకొకరికి ఇప్పటికీ తెలియదు.

నా పేరు చెప్పను. చెబితే మస్కట్లో ఉన్న మనవాళ్ళలో సగం మంది "ఆవిడా? ఆవిడతో పెట్టుకోకండి" అంటారు. గోదావరి మనిషిని. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను, అల్ మవాలేలో ఉంటాను, ఒక స్కూల్లో పాఠాలు చెబుతాను. వాదనలో ఓడిపోవడం నాకు చేతకాదు. కూరగాయల షాపువాడితో, వాచ్‌మన్‌తో, మా ఆయనతో, ఫోన్లో మా అక్కతో, ఎవరితోనైనా సరే చివరి మాట నాదే కావాలి. గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ జబ్బు ఉందని తెలియకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

అప్పట్లో హెలెన్ మా స్కూల్లో సైన్స్ విభాగానికి పెద్ద. ఇంగ్లండు నుంచి వచ్చిన మనిషి, నాకంటే పెద్దది, ఒంటరిది. ఆమెకు రెండు కుక్కలు. టోబీ గోధుమరంగు లాబ్రడార్, ముసలిది. లూనా ఇక్కడే ఒక ఎండిపోయిన ఏట్లో దొరికిన బక్క కుక్క. సెలవు వస్తే ఆ రెంటినీ కారెక్కించుకుని కొండల మీద పడేది హెలెన్.

మాబున్ని కడప జిల్లా నుంచి వచ్చింది. ముందు అల్ సువైక్ అనే ఊళ్ళో ఒక పెద్ద కుటుంబం ఇంట్లో పని చేసేది. అక్కడ ఆమె పడుకున్నది వంటింటి పక్కన సరుకుల గదిలో. ఆ గది తలుపుకు లోపల గడియ లేదు. అంతకుమించి ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. తెలిసినవాళ్ళు నాకు చెబితే, నేనే ఆ ఇంటివాళ్ళతో ఫోన్లో పోట్లాడి, కాగితాలు మార్పించి, హెలెన్ ఇంట్లో పనికి పెట్టించాను. ఇదొక్కటి నా నోటి వల్ల జరిగిన మంచి. చేరిన రోజు సాయంత్రం మాబున్ని ఫోన్ చేసింది. "అక్కా, ఈడ నా రూముకు లోపల గడియుండాది" అంది. జీతం గురించి అనలేదు, తిండి గురించి అనలేదు. గడియ గురించే.

కుక్కలంటే మొదట భయపడింది. భయంకన్నా నియమం పెద్దది. కుక్క నాకితే శుద్ధి చేసుకోకుండా నమాజుకు నిలబడకూడదు. అందుకని కుక్కల పనికి ఒక జత బట్టలు, నమాజుకు ఒక జత విడిగా పెట్టుకుంది. చేతులు కడిగి కడిగి వేళ్ళు పాలిపోయేవి. కొన్నాళ్ళకు టోబీ ఆమె గది గడప బయట పడుకోవడం మొదలుపెట్టింది. గడప దాటేది కాదు. దానికి ఎవరు చెప్పారో మరి. "నాకంటే నియమం దీనికే ఎక్కువక్కా" అని నవ్వేది మాబున్ని.

వాళ్ళిద్దరి మధ్య నేను. హెలెన్‌కు ఇంగ్లీషు తప్ప రాదు. మాబున్నికి తెలుగు, ఉర్దూ, సువైక్‌లో నేర్చిన అరబ్బీ వచ్చు, ఇంగ్లీషు ముక్క రాదు. ఫోన్లో మాటలు మార్చే యాప్ ఒకటి హెలెన్ దగ్గర ఉండేది కానీ మాబున్ని యాస దానికి కొరుకుడు పడేది కాదు. అది చెప్పే చిత్రమైన ఇంగ్లీషు విని ఇద్దరూ నవ్వుకుని, చివరికి నాకు ఫోన్ చేసేవాళ్ళు. ఉప్పు తక్కువ వెయ్యమను. జ్వరంగా ఉందని చెప్పు. శుక్రవారం రెస్ట్ తీసుకోమను. ఇద్దరి మాటలూ నా నోటి గుండానే వెళ్ళాలి. అది నాకు బాగుండేది. చాలా బాగుండేది.

ఆ ఏప్రిల్‌లో ఒక శుక్రవారం హెలెన్ మమ్మల్ని నల్లరాళ్ళ లోయకు తీసుకెళ్ళింది. సమాయిల్ ఊరు దాటి లోపలికి చాలా దూరం పోవాలి. అక్కడ రాళ్ళు కొట్టకూడదు, కుక్కల్ని పట్టీ లేకుండా వదలకూడదు అని బోర్డు పెట్టి కాపాడుతున్న చోటు. ఎటు చూసినా మాడిపోయిన కొండలే. ఒకప్పుడు సముద్రం అడుగున లావా పారి, నీళ్ళు తగిలి గుండ్రంగా గట్టిపడి, దిండ్లు పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి ఉండిపోయిందట. "అగ్నిపర్వతం ఏదీ? నాకేం కనబడటం లేదే" అన్నాను. "దాని మీదే నిలబడ్డావు" అంది హెలెన్. దానికి జవాబు దొరకలేదు నాకు. అప్పుడే మొదలైంది నా ఉక్రోషం.

ఆ రాళ్ళు గరుకు, ఎండకు కాలతాయి. అందుకని హెలెన్ కుక్కల కాళ్ళకు బూట్లు తెచ్చింది. మాబున్ని కూర్చుని ఒక్కో పాదానికీ తొడిగింది. టోబీ పెళ్ళికొడుకులా కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ నడిచింది. నాకు నవ్వాగలేదు. మా వైపు కుక్కలు రోహిణి ఎండలో తారురోడ్డు మీద తిరుగుతాయి అన్నాను. హెలెన్ నవ్వి ఊరుకుంది. నా సంచీలోంచి పులిహోర డబ్బా బయటికి తీయగానే మాత్రం కొంచెం గట్టిగానే చెప్పింది. "దయచేసి వీటికి మన తిండి ఏదీ పెట్టకండి. ఒక్క ముద్ద కూడా."

నేను ఊరుకోవాలా? "మా ఊళ్ళో కుక్కలు పెళ్ళివారి విస్తళ్ళు నాకి నిక్షేపంగా బతుకుతాయి" అన్నాను. "కావచ్చు. వీటికి వద్దు" అంది. అంతే. వాదించలేదు. వాదించని మనిషి ముందు నాలాంటిది ఏం చేస్తుంది? లోపల ఉడికిపోతుంది.

హెలెన్ లూనాను తీసుకుని రాళ్ళు చూడ్డానికి ముందుకు వెళ్ళిపోయింది. టోబీ ముసలిది, ఎక్కలేదు. దానితో నేనూ మాబున్నీ ఒక బండ నీడన ఆగిపోయాం. పులిహోర తిన్నాం. సంచీ అడుగున రవ్వలడ్ల డబ్బా ఉంది, హెలెన్‌కు అది చూపించనే లేదు. తీపి తినదని తెలుసు. ఆ లడ్లలో కిస్‌మిస్ దండిగా వేశాను. మా ఇంట్లో రవ్వ తక్కువైనా ఒప్పుకుంటారు గానీ కిస్‌మిస్ తక్కువైతే ఒప్పుకోరు. కారు కుదుపులకు లడ్లన్నీ విడిపోయి పొడి అయిపోయాయి. మేం కొంచెం తిన్నాం. ఇంకా చాలా మిగిలింది.

మిగిలింది పారెయ్యడం మా ఇంటావంటా లేదు. ఆవుకో, కాకికో, కుక్కకో, ఏదో ఒక నోటికి అందించాలి. నేలపాలు చేస్తే పాపం అని మా అమ్మ. ఆ లోయలో ఆవు లేదు, కాకి లేదు. ఎదురుగా టోబీ ఉంది, తోక ఆడిస్తోంది. డబ్బా మొత్తం దాని ముందు బోర్లించాను.

"మేడమ్ ఇంట్లో గూడా దీనికి మన తిండి పెట్టనీదు గదక్కా" అంది మాబున్ని.

"నీ మేడమ్‌కేం తెలుసు? అన్నం తినే కుక్కనెప్పుడైనా చూసిందా?" అన్నాను.

పాపభీతితో పెట్టానని మీకు చెబితే మీరు నమ్ముతారు. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నదీ అదే. కానీ నిజం అందులో సగమే. రెండో సగం ఇది. సాయంత్రం కారు దిగేటప్పుడు హెలెన్‌తో అనాలనుకున్నాను, చూశావా, మీ టోబీ మా లడ్లు తింది, ఏమైంది? అని. ఆ మాటను నోట్లో ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాను కూడా. ముసలి కుక్కకు పెట్టింది తిండి కాదు, నా వాదనకు సాక్ష్యం. గెలవడానికి పెట్టాను.

కుక్కలకు ద్రాక్ష పడదని నాకు తెలియదు. ఒట్టు. ఎండుద్రాక్ష అయితే మరీ విషమని తెలియదు. కెమిస్ట్రీ చదివాను గానీ ఇది తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. నా తప్పు అక్కడ లేదు.

తిరుగు నడకలో, ఎండ తగ్గే వేళకు, టోబీ నిలబడిపోయింది. వణికింది. ఒక నల్లరాయి మీద కక్కుకుంది. నేను దగ్గరున్నాను. కక్కిన దాంట్లో కిస్‌మిస్‌లు ఉబ్బి, మెరుస్తూ, విడివిడిగా కనబడుతున్నాయి. హెలెన్ ఇంకా పైన ఉంది, దిగి వస్తోంది. నేను చెప్పుకాలితో గులకరాళ్ళూ మట్టీ లాగి దాన్ని కప్పేశాను. మాబున్ని చూసింది. శుభ్రం కోసమని అనుకుని ఉంటుంది. తనూ ఇంత మట్టి తెచ్చి పోసింది. ఆ చేతిని ఆపలేదు నేను. నా పాపం మీద ఆమె చేత మట్టి పోయించుకున్నాను.

హెలెన్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని టోబీ చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కి చూసింది. తలెత్తి నాతో అంది. "దీన్ని చూసుకున్నది తనే కదా. అడుగు. ఏమైనా తిందా? ఏదైనా సరే. నేనేం అనను, నాకు తెలియాలి అంతే."

నేను మాబున్ని వైపు తిరిగాను. "టోబీ ఏమన్నా తిందా అని అడుగుతోంది" అన్నాను. అదేదో నాకు తెలియనట్టు. ఎందుకడిగాను? ఏమనుకున్నాను, ఆమె నా ముఖం చూసి గ్రహించి లేదంటుందనా?

మాబున్ని గ్రహించలేదు. గ్రహించడానికి ఆమె మనసులో వంకర లేదు. "లడ్డు తినింది గదక్కా. నువ్వే పెడ్తివి, డబ్బా అంతా. తీపి పడలేదేమో దానికి. చెప్పు మేడమ్‌కు" అంది.

చెప్పి, నా నోటి వైపు చూసింది. హెలెన్ కూడా నా నోటి వైపే చూసింది. కుక్క కూడా చూసిందేమో, నేను దాన్ని చూడలేదు. ఇద్దరు మనుషులు నా నోట్లోంచి ఏం వస్తుందా అని ఎదురు చూస్తున్నారు. ఒకరికి అవతలి మాట అర్థం కాదు, ఇంకొకరికి ఇవతలి మాట అర్థం కాదు. ఏం చెప్పినా చెల్లుతుంది.

"లేదట" అన్నాను ఇంగ్లీషులో. "ఏమీ తినలేదని చెబుతోంది."

చెబుతోంది అన్నాను. నాకు తెలిసినంతవరకు లేదు అని ఉండొచ్చు. నేనేం చూడలేదు అని ఉండొచ్చు. అబద్ధమైనా నా పేరు మీద ఉండేది. కానీ నా నాలుక దాన్ని ఎంత తేలిగ్గా ఆమె పేరు మీదికి తోసేసిందో.

"చెప్పినావా అక్కా?" అంది మాబున్ని.

"చెప్పాను."

"ఏమనె?"

"ఎండదెబ్బ అయ్యుంటుంది అంటోంది."

అది మాత్రం నిజంగానే హెలెన్ అంది. కాసేపటి తర్వాత. అప్పటికి ఇంకా అనలేదు.

టోబీని హెలెన్, మాబున్ని ఇద్దరూ మోసుకుంటూ కారు దాకా తెచ్చారు. తడిగుడ్డలు కప్పారు. దారిలో అది కొంచెం తేరుకుంది. చూశావా, ఏం కాలేదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తిన్నాను. నిద్ర కూడా పట్టింది. అదీ చెబుతున్నాను, దాచను.

ఎండదెబ్బే అనుకుని హెలెన్ నీళ్ళు తాగించి, ఏసీ గదిలో పడుకోబెట్టింది. మర్నాడంతా అది మత్తుగా ఉంటే అలసట అనుకుంది. ఆ తర్వాత మూత్రం ఆగిపోయింది. అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కిడ్నీలు పోయాయన్నారు. ద్రాక్షగానీ ఎండుద్రాక్షగానీ తిందా అని డాక్టరే అడిగాడట. తిన్న రోజునే తెచ్చి ఉంటే ఏదైనా చేసేవాళ్ళమన్నాడట. హెలెన్ ఇంటికొచ్చి చూస్తే, మాబున్ని తన సామాను పెట్టుకునే అరలో కిస్‌మిస్ డబ్బా ఉంది. పండక్కి సేమ్యా వండుకోవడానికి తెచ్చుకుంది.

టోబీ పోయిన రోజు హెలెన్ నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. మెల్లగా మాట్లాడింది. కుక్కకు పెట్టిందని తనకు కోపం లేదంది. తెలియక ఎవరైనా పెడతారంది. "కానీ నేను అడిగాను. నీ ముందే అడిగాను. లేదని చెప్పింది. ఆ ఒక్క మాట నిజం చెప్పి ఉంటే నా టోబీ బతికేది. అబద్ధం చెప్పిన మనిషిని నా ఇంట్లో ఉంచుకోలేను" అంది.

అప్పుడు చెప్పొచ్చు. ఇంకా సమయం ఉంది. కుక్క పోయింది గానీ మనిషి ఉంది. ఫోన్ చెవికి ఆనించుకుని, నోరు తెరిచి ఉన్నాను. లోకంలో ఎవరితోనైనా గంటలకొద్దీ వాదించగలిగే దాన్ని, నా మీద నేను ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. గొంతులో మాట ఉంది. వస్తుందనే అనుకున్నాను. వచ్చింది వేరే. "ఇంకొక్క అవకాశం ఇవ్వు పాపం" అన్నాను. చూడండి నా దయ. నేను చేసినదానికి ఆమెను క్షమించమని అడిగాను.

హెలెన్ ఒప్పుకోలేదు. చెప్పాల్సింది మళ్ళీ నన్నే చెప్పమంది. వెళ్ళాను. వంటింట్లో నిలబడి హెలెన్ అంతా చెప్పింది, నమ్మకం, అబద్ధం, టోబీ. నేను మాబున్ని వైపు తిరిగి, "మేడమ్‌కు ఇంట్లో పని తగ్గింది మాబూ, టోబీ కూడా పోయింది కదా, ఇక మనిషి అక్కర్లేదంటోంది, టికెట్ తనే తీస్తుందట" అన్నాను. రెండోసారి. ఈసారి ఇంకా నున్నగా వచ్చింది.

మాబున్ని హెలెన్ చేతులు పట్టుకుని తెలుగులోనే ఏడ్చింది. "టోబీ పోయినందుకు నాకూ దుఃఖంగానే ఉండాది మేడమ్. లూనాను నేను చూసుకుంటా గదా. జీతం తక్కువిచ్చినా ఉంటా. రూము ఒకటి ఉంటే చాలు" అంది. దాన్ని నేను "సారీ చెబుతోంది" అని చెప్పాను. హెలెన్ ముఖం తిప్పుకుంది. సారీ అంటే ఒప్పుకున్నట్టే కదా.

ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. మాబున్ని కారు దిగుతూ, "నువ్వు మేడమ్‌కు శానా చెప్పి చూసినావు, చూస్తిని. నా కోసరం అంత మాట్లాడేవాళ్ళు ఎవురుండారక్కా" అంది. నేను ఏమన్నానో గుర్తు లేదు. ఏదో అనే ఉంటాను. నేను ఏమీ అనకుండా ఉండను కదా.

తర్వాత హెలెన్ తన దేశం వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నాకు పూలకుండీలు ఇచ్చింది. ఆమెకు రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. రాస్తే ఏమవుతుంది? మాబున్నికి ఉద్యోగం తిరిగి వస్తుందా? ఇదే నా వాదన, దీంతో నేను నన్నే ఓడించుకుంటూ వచ్చాను. మాబున్ని కొన్నాళ్ళు ఊళ్ళో ఉండి కువైట్ వెళ్ళింది. ఎలాంటి ఇల్లో నాకు తెలియదు. తలుపుకు గడియ ఉందా అని అడిగే ధైర్యం నాకు లేదు.

పోయిన నెల ఒక కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాబున్నే. క్లినిక్‌లో ఉందట. నర్సు ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఇంగ్లీషే వచ్చు. "అక్కా, నా మోకాళ్ళ సంగతి ఈ పాపకు చెప్పు. నాతో వచ్చినామె చెప్తానంటాది గానీ, నాకు నువ్వు చెప్తేనే నమ్మకం" అంది.

చెప్పాను. ఒక్క అక్షరం పోకుండా, ఒక్క అక్షరం కలపకుండా చెప్పాను. మెట్లు ఎక్కితే నొప్పి, నమాజులో కూర్చుంటే లేవలేకపోవడం, ఎప్పటి నుంచి, ఏ కాలు. నర్సు చెప్పిందాన్ని మళ్ళీ మాబున్నికి తెలుగులో చెప్పాను.

అంతా అయ్యాక, "మాబూ, నీకో మాట చెప్పాలి" అన్నాను.

"చెప్పక్కా."

వెనకాల ఎవరో దగ్గుతున్నారు. ఆమె ఓపిగ్గా ఆగింది. మోకాళ్ళ నొప్పితో నిలబడే ఉన్నట్టుంది. ఇప్పుడు చెబితే ఆ మనిషి ఆ క్లినిక్‌లో, అంతమంది మధ్య, దాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది? ఇలా అనుకున్నాను. ఇది జాలా, పిరికితనమా? మీరే చెప్పండి. కాదు, చెప్పకండి. నాకు తెలుసు.

"మాత్రలు అన్నం తిన్నాకే వేసుకో" అన్నాను.

"సరేక్కా" అని పెట్టేసింది.

ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. మీరు ఆమె కారు, క్షమించే హక్కు మీకు లేదు. ఓదార్చాలని చూస్తే నాతో వాదన పెట్టుకున్నట్టే. వినండి చాలు. ఆ లోయలో హెలెన్ అడిగిన ప్రశ్నకు మాబున్ని నిజం చెప్పింది. తింది అని చెప్పింది. ఎవరు పెట్టారో కూడా చెప్పింది. లేదని అన్నది నేను. ఎవరి నోట్లోనూ పెట్టకుండా, నా నోటితో, నా మాటగా అంటున్నాను.

రాయడం ఆపి కిటికీ తెరిచాను. బయట ఇంకా పగలే. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదు.